వెద నుంచి ప్రసారం దాకా: 'బ్రాడ్‌కాస్ట్' పదచరిత్ర - గోదావరి డెల్టా సాక్ష్యం

వ్యాససంగ్రహం

'బ్రాడ్‌కాస్ట్' అనే ఆంగ్లపదం రేడియో కంటే సుమారు ఒకటిన్నర శతాబ్దం ముందే పుట్టింది. విత్తనాన్ని చేతితో పొలమంతా చల్లే పద్ధతికి అది పేరు. ఇదే పనికి తెలుగులో 'వెదజల్లు' అనే సమాసక్రియ ఉంది. గోదావరి డెల్టా రైతుల వాడుకలో అది నేటికీ సజీవంగా ఉంది. అయినా రేడియో పరిభాషలో 'ప్రసారం' అనే సంస్కృతసమమే స్థిరపడింది. ఈ రెండు పదాల నిర్మాణాన్ని, అర్థవ్యాప్తిని పోల్చి, ఆధునిక పరిభాషగా 'ప్రసారం' నెగ్గడానికి అనుకూలించిన కారణాలను, ఆ క్రమంలో తెరచాటుకు వెళ్లిన అర్థాంశాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వెద, వెదజల్లు, ప్రసారం, ఆకాశవాణి, గొర్రు, పదచరిత్ర, అర్థవ్యాకోచం, గోదావరి డెల్టా.

1. ప్రవేశిక

కాకినాడలో స్నాతకోత్తర విద్యార్థులకు పారిభాషిక పదనిర్మాణం బోధిస్తున్నప్పుడు 'బ్రాడ్‌కాస్ట్' అనే పదాన్ని విడదీసి చూపించాను. 'బ్రాడ్' అంటే విశాలంగా, 'కాస్ట్' అంటే విసరడం; మొదట ఇది విత్తనాలకు సంబంధించిన మాట అన్నాను. వరి పండించే కుటుంబం నుంచి వచ్చిన ఒక విద్యార్థిని వెంటనే "వెదజల్లడమే కదండీ" అంది. ఆ జవాబు నిఘంటువుల్లో 'బ్రాడ్‌కాస్ట్' ఎదుట సాధారణంగా కనిపించే 'ప్రసారం చేయు' కంటే మూలార్థానికి దగ్గరగా ఉంది.

ఆధునిక భావాలకు తెలుగులో మాటలు లేవని, అందువల్లే సంస్కృతం నుంచో ఆంగ్లం నుంచో తెచ్చుకోవలసి వచ్చిందని తరచుగా వింటాం. కొన్ని రంగాల్లో అది నిజమే. కాని ఒక్కొక్క పదాన్ని విడిగా పరీక్షించకుండా దాన్ని సాధారణ సూత్రంగా అంగీకరించడం పరిశోధనకు తగదు. 'బ్రాడ్‌కాస్ట్' విషయంలో ఆ సూత్రం నిలవదు. ఆంగ్లం ఏ పొలం నుంచి ఈ మాటను గాలిలోకి తీసుకువెళ్లిందో, అటువంటి పొలమూ, ఆ పనికి పేరూ రెండూ తెలుగుకు ఉన్నాయి.

2. 'బ్రాడ్‌కాస్ట్': చేను నుంచి గాలిలోకి

మనిషి విత్తనాన్ని చేతితో చల్లడం అతిప్రాచీనమైన పని. దానికి ఆంగ్లంలో ప్రత్యేకమైన పేరు మాత్రం పద్దెనిమిదో శతాబ్దంలోగాని స్థిరపడలేదు. మరో పద్ధతి పోటీకి వచ్చినప్పుడే పాత పద్ధతికి పేరు పెట్టవలసిన అవసరం కలుగుతుంది. జెత్రో టల్ 1701 ప్రాంతంలో వరుసలుగా విత్తనం వేసే యంత్రాన్ని రూపొందించి, 1731లో వెలువడిన వ్యవసాయ గ్రంథంలో సాలు విత్తనాన్ని సమర్థించాడు. తర్వాతి దశాబ్దాల్లో ఇంగ్లండ్ వ్యవసాయ రచయితలు వరుస విత్తు మేలా, చల్లే విత్తు మేలా అని వాదించుకున్నారు. చల్లే విత్తును సూచించే విశేషణంగా 'బ్రాడ్‌కాస్ట్' ఆ వాతావరణంలో బలపడింది. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లకు అది క్రియగా కూడా మారింది. ఆ శతాబ్దంలోనే కరపత్రాలు, భావాలు, వదంతులు నలుదిక్కులా వ్యాపించడాన్ని చెప్పడానికి ఆలంకారికంగా వాడసాగారు.

ఇక్కడ తెలుగు పాఠకునికి ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. వరుస విత్తును ఐరోపా కొత్త ఆవిష్కరణగా భావిస్తున్న కాలంలోనే దక్షిణ భారతదేశంలో అది వాడుకలో ఉంది. కెప్టెన్ టామస్ హాల్కాట్ అనే ఉద్యోగి దక్షిణాది వరుస విత్తు సాగు గురించి రాసిన నివేదికను ధరంపాల్ 1971లో ప్రచురించిన పద్దెనిమిదో శతాబ్ది భారతీయ శాస్త్రసాంకేతికతల సంకలనంలో చేర్చారు. ఈ సాధనం ఆధునిక ఐరోపావారిదే అనుకుంటూ వచ్చిన తాను, ఇక్కడి పొలంలో దాన్ని చూసి అభిప్రాయం మార్చుకున్నట్లు హాల్కాట్ అందులో చెప్పాడు. మన మెట్ట ప్రాంతాల్లో దాన్ని గొర్రు అంటారు. పైనున్న జడ్డిగంలో పోసిన గింజలు గొట్టాల గుండా సాళ్లలోకి జారుతాయి. అంటే 'గొర్రు విత్తు', 'వెద విత్తు' అనే భేదం తెలుగు రైతుకు అనుభవంలో ఉన్నదే.

రేడియో తొలిదశలో సందేశం నలుదిక్కులా చెదిరిపోవడం సుగుణంగా కనిపించలేదు. మార్కోనీ వంటివారి ప్రయత్నమంతా ఒకచోటి నుంచి మరొకచోటికి, ఓడ నుంచి రేవుకు, వార్త చేరవేయడం మీదనే సాగింది. మధ్యలో ఎవరైనా వినగలగడం వారి దృష్టిలో లోపం. 1920 నవంబరు 2న పిట్స్‌బర్గ్‌లోని కె.డి.కె.ఎ. కేంద్రం ఎన్నికల ఫలితాలను వినిపించింది. 1922 అక్టోబరులో బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ ఏర్పడింది. ఈ రెండేళ్ల వ్యవధిలో ఆ లోపమే ప్రయోజనంగా మారింది. ఎవరు వింటారో తెలియకుండా అందరికీ వినిపించే కొత్త పనికి పేరు కావలసి వచ్చినప్పుడు, ఎక్కడ మొలుస్తుందో తెలియకుండా చల్లే పనికి ఉన్న పాత పేరు సరిపోయింది.

ఇతర భాషలు ఇదే పనిని వేర్వేరు చిత్రాలతో చెప్పుకున్నాయి. జర్మన్ పదం 'రుండ్‌ఫుంక్'లో చుట్టూ పరుచుకునే నిప్పురవ్వ ఉంది. ఫ్రెంచి 'రేడియోడిఫ్యూజియోఁ'లో నలువైపులా ఒలికే ద్రవం ఉంది. విత్తనం చల్లే చేయి ఆంగ్లపదంలోనే ఉంది.

3. 'వెదజల్లు': నిర్మాణం, అర్థవ్యాప్తి

'వెద' అంటే విత్తడం, విత్తే పని. విత్తు, విత్తనం అనే మాటలతో దీనికి ధాతుసంబంధం ఉంది. తమిళంలో విత్తు, విదై, కన్నడంలో బిత్తు ఈ కుటుంబానికి చెందినవే. 'చల్లు' క్రియ నీటికీ గింజకూ సమానంగా వర్తిస్తుంది. వాకిట్లో కళ్లాపి చల్లుతాం, చేలో గింజ చల్లుతాం. రెండూ కలిసినప్పుడు చకారం జకారమైంది. గసడదవాదేశమే జరిగి ఉంటే సకారం రావలసింది. జకారం రావడం ద్రుతం మీది సరళాదేశానికి అనుగుణంగా ఉంది. అర్ధానుస్వారంతో కూడిన 'వెదఁజల్లు' అనే రూపం ఈ విశ్లేషణను బలపరుస్తుంది. అంటే 'వెదను చల్లు' అనే ద్వితీయార్థం సమాసంలోనే నిక్షిప్తమై ఉంది. ఏమి చల్లుతున్నారన్నది పదం తనలోనే చెబుతోంది.

ఆంగ్లపదంతో పోల్చినప్పుడు ఒక భేదం కనిపిస్తుంది. 'బ్రాడ్‌కాస్ట్'లో విసరడమూ, విసిరే తీరూ ఉన్నాయి; గింజ సందర్భం నుంచి తెలియాలి. 'వెదజల్లు'లో చల్లడమూ, గింజా ఉన్నాయి. విస్తృతి 'చల్లు' క్రియలో ధ్వనిస్తుంది.

అర్థవ్యాకోచంలోనూ రెండు పదాలు ఒకే దారిలో నడిచాయి. తెలుగులో పూలు పరిమళాన్ని వెదజల్లుతాయి. దీపాలు వెలుగును వెదజల్లుతాయి. ఒకరి మాటలు విషాన్ని వెదజల్లుతాయి. గింజ అనే మూలార్థం వెనుకబడి, ఒకచోటి నుంచి అన్ని వైపులా పంపడం అనే అర్థం ముందుకు వచ్చింది. కంటికి కనిపించని వాసనకూ, చేతికి చిక్కని వెలుగుకూ వర్తించిన క్రియ శబ్దతరంగానికి వర్తించడానికి ఇంకొక్క అడుగే మిగిలింది. ఆంగ్లం ఆ అడుగు వేసింది. తెలుగు పరిభాష మరో దారి ఎంచుకుంది.

4. డెల్టాలో వెద

'వెద' గ్రంథాలకే పరిమితమైన ప్రాచీన పదం అనుకోవడానికి వీలులేదు. ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ 1847లో చేపట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడిందీ 1852లోనే. కాలువ నీరు అందిన డెల్టాలో వరి అనగానే ఆకుమడి, ఆకుతీత, ఊడ్పులు గుర్తుకు వస్తాయి. ఊడ్పులలో ప్రతి మొక్కకూ ఒక స్థానం ఉంటుంది. కూలీ చేయి దాన్ని అక్కడే నాటుతుంది. అందువల్ల డెల్టాను ఊడ్పుల దేశంగా భావించి, వెదను మెట్టకు వదిలేయడం సహజంగా కనిపిస్తుంది.

వాస్తవం ఇంకొంచెం లోతైనది. సార్వా వరి కోతకు రెండు నాలుగు రోజుల ముందు, చేలో పదును ఉండగానే, నిలిచి ఉన్న పంటలో మినుము, పెసర చల్లడం కృష్ణా గోదావరి డెల్టాలలో స్థిరపడిన పద్ధతి. కోత పూర్తయ్యేసరికి వరిదుబ్బుల మధ్య అపరాల మొలకలు కనిపిస్తాయి. పచ్చిరొట్టకు జీలుగ, జనుము చల్లడం కూడా తెలిసినదే. కూలీల కొరత, ఊడ్పుల ఖర్చు పెరగడంతో ఇటీవలి సంవత్సరాల్లో వరిలోనూ వెద తిరిగి వచ్చింది. గింజను నానబెట్టి, మండె కట్టి, మొలక రాగానే దమ్ము చేసిన చేలో నేరుగా చల్లుతున్నారు. వ్యవసాయశాఖ ప్రచారంలోనూ, పత్రికల జిల్లా పేజీల్లోనూ దీనికి 'వెద సాగు', 'వెదజల్లే పద్ధతి' అనే పేర్లే వాడుతున్నారు. ఇక్కడ ఎవరూ కొత్త మాట కల్పించలేదు. పాత మాట పనితో పాటు తిరిగి వచ్చింది.

వెదలో నైపుణ్యం లేదనుకోవడం కూడా పొరపాటు. చల్లేవాని అడుగుకూ చేతి ఊపుకూ పొందిక కుదరాలి. పిడికిలి బిగువు తప్పితే ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా పడుతుంది. గాలి వాలు చూసుకోవాలి. ఇంత చేసినా ప్రతి గింజా మొలవదు. చల్లేవానికి ఇది తెలుసు, తెలిసే చల్లుతాడు. ఈ అంశం మన చర్చకు కీలకం.

5. తెలుగువారికి రేడియో

మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ 1924లో ఏర్పడి, ఆ సంవత్సరమే కార్యక్రమాలు మొదలుపెట్టింది. ఆర్థికభారంతో అది 1927లో ఆగింది. 1930లో మద్రాసు నగరపాలక సంస్థ ఆ పనిని చేపట్టింది. 1936 జూన్ 8న దేశంలోని ప్రభుత్వ రేడియో సంస్థకు ఆల్ ఇండియా రేడియో అనే పేరు వచ్చింది. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం ప్రారంభమైంది. తీరాంధ్రవాసులు తెలుగు కార్యక్రమాలను ప్రధానంగా ఆ కేంద్రం నుంచే విన్నారు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యాక తెలుగునాట రేడియోకు సొంత గొంతు ఏర్పడింది. నిజాం రాజ్యంలో 1930ల నుంచే దక్కన్ రేడియో ఉండేది.

ఈ చరిత్రలో కాకినాడ ప్రాంతానికి గణనీయమైన స్థానం ఉంది. పిఠాపురం సమీపంలోని చంద్రంపాలెంలో జన్మించి, కాకినాడ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసిన దేవులపల్లి కృష్ణశాస్త్రి తర్వాత రేడియోకు విస్తారంగా రచనలు చేశారు. నిడదవోలులో 1920లో జన్మించి పిఠాపురంలో పెరిగిన బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో మద్రాసు కేంద్రంలో చేరి తెలుగు లలితసంగీతానికి దారి వేశారు. మద్రాసులో 1911లో ఏర్పడి అనంతరం కాకినాడకు తరలివచ్చిన ఆంధ్రసాహిత్య పరిషత్తు, పిఠాపురం సంస్థానాధీశుని పేరిట సూర్యరాయాంధ్ర నిఘంటువును సిద్ధం చేయించింది. దాని మొదటి సంపుటం వెలువడిన సంవత్సరం 1936. ఆల్ ఇండియా రేడియోకు పేరు పెట్టిన సంవత్సరం కూడా అదే. తెలుగు పదసంపదను లెక్కకు ఎక్కించే పనీ, తెలుగు మాటను గాలిలోకి పంపే పనీ ఏకకాలంలో సాగాయి.

సంస్థకు 'ఆకాశవాణి' అనే పేరు పౌరాణిక స్మృతి నుంచి వచ్చింది. మైసూరులో ఎం.వి. గోపాలస్వామి 1935లో నెలకొల్పిన కేంద్రానికి ఆ పేరు పెట్టారు. 1957లో జాతీయ సంస్థ దాన్ని స్వీకరించింది. పేరు అందమైనదే. అర్థదృష్టితో చూస్తే మాత్రం ఒక వ్యత్యాసం ఉంది. పురాణాల్లోని అశరీరవాణి ఒకరిని ఉద్దేశించి పలుకుతుంది. దేవకీవివాహ సందర్భంలో అది కంసునికి చెప్పిన మాట. రేడియో వాణికి అటువంటి నిర్దిష్ట శ్రోత లేడు. గ్రామాల్లోని చాటింపు, టముకు, దండోరా రేడియోకు కొంత దగ్గరివే. కాని చాటింపుకు ఊరి పొలిమేర ఉంది. చాటేవాని వెనుక ఎవరి ఆజ్ఞ ఉందో అందరికీ తెలుసు. పొలిమేర లేని చాటింపు కొత్త విషయం.

6. 'ప్రసారం': పదార్థవిచారం

ఆ కొత్త విషయానికి స్థిరపడిన పేరు 'ప్రసారం'. 'ప్ర' ఉపసర్గతో కూడిన 'సృ' ధాతువు నుంచి ఏర్పడింది. ముందుకు సాగడం, పరుచుకోవడం దీని అర్థం. వైశేషికులు చెప్పిన పంచవిధ కర్మల్లో ఉత్క్షేపణ, అపక్షేపణ, ఆకుంచన, ప్రసారణ, గమనాలు ఉన్నాయి. అక్కడ ప్రసారణం ఆకుంచనానికి ప్రతియోగి, ముడుచుకున్నది చాచుకోవడం. విసరడాన్ని సూచించే మాటలు అదే పట్టికలో క్షేపణ శబ్దంతో వేరుగా ఉన్నాయి. మలయాళం రేడియోకు 'ప్రక్షేపణం' అనే మాట ఎంచుకుని విసరడాన్ని నిలుపుకుంది. తమిళం 'ఒలిపరప్పు' అంటూ ధ్వనిని పరిచింది; అందులోని రెండో భాగం మన 'పరచు' క్రియకు బంధువు. కన్నడ 'ప్రసార', హిందీ 'ప్రసారణ్' తెలుగుతో ఏకమార్గంలో ఉన్నాయి.

'ప్రసారం' నెగ్గడానికి అనుకూలించిన కారణాలు స్పష్టమైనవే. మొదటిది, సమాసనిర్మాణ శక్తి. ప్రత్యక్షప్రసారం, పునఃప్రసారం, ప్రసారమాధ్యమం, ప్రసారభారతి అని ఎన్ని విధాలుగానైనా కూర్చుకోవచ్చు. 'వెదజల్లు' నుంచి ఇటువంటి నామశ్రేణిని రాబట్టడం కష్టం. రెండవది, దేశవ్యాప్తమైన ఏకరూపత. ఒకే సంస్థ అనేక భాషల్లో పనిచేస్తున్నప్పుడు సంస్కృతసమాలు పరిపాలనకు అనుకూలిస్తాయి. మూడవది, 'వెదజల్లు'కు అప్పటికే అంటిన ధ్వని. డబ్బు వెదజల్లడం అంటే దుబారా. విషం వెదజల్లడం అంటే ద్వేషప్రచారం. ప్రభుత్వ సంస్థ తన పనిని ఆ మాటతో చెప్పుకోవడానికి వెనకాడితే ఆశ్చర్యం లేదు. కాబట్టి ఈ ఎంపికను తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఎంపికలో ఏమి మారిందో గుర్తించడమే ఉద్దేశం.

7. చల్లే చేయి

మారింది ప్రధానంగా కర్తృస్థానం. 'వెదజల్లు' సకర్మక క్రియ. ఎవరు, దేనిని అనే రెండు ప్రశ్నలకూ సమాధానం కోరుతుంది. 'ప్రసరించు' అకర్మకం, కాంతి తనంతట తానే ప్రసరిస్తుంది. దానికి 'చేయు' చేర్చి సకర్మకంగా మార్చుకున్నా, వాడుకలో ఎక్కువగా వినిపించేది 'ప్రసారమవుతుంది' అనే రూపమే. "సాయంత్రం 6 గంటలకు వార్తలు ప్రసారమవుతాయి" అన్న వాక్యంలో వార్తలు కర్తలు. వాటిని ఎంచినవారు, వదిలివేసినవారు వాక్యంలో లేరు. కాలువలో నీరు పారినట్లు వార్త పారుతుంది. వెదలో అలా కుదరదు. చల్లే చేయి లేకుండా గింజ గాలిలోకి లేవదు.

ఇది కేవలం వ్యాకరణ విషయం కాదు. ఆ చేయి ఎవరిది అన్న ప్రశ్న మన రాజ్యాంగ చరిత్రలోనూ వచ్చింది. క్రికెట్ పోటీల ప్రసారహక్కులకు సంబంధించిన వివాదంలో సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పు వాయుతరంగాలను ప్రజల ఆస్తిగా ప్రకటించింది. ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ప్రత్యేక తీర్పు రాశారు. 1990లో చేసిన ప్రసారభారతి చట్టం 1997లో అమలులోకి వచ్చింది. చేను ఉమ్మడిది అయినప్పుడు చల్లే అధికారం ఎవరికి, ఏ నియమంతో అన్నదే ఆ చర్చల సారం.

మరుగునపడిన రెండో అంశం ఫలితం మీది అనిశ్చితి. జాన్ డర్హమ్ పీటర్స్ 1999లో వెలువరించిన సంభాషణ తత్త్వచరిత్రలో, ఒక్కరితో ముఖాముఖిగా మాట్లాడటాన్ని శ్రేష్ఠమని భావించిన సోక్రటీసు పక్షాన్నీ, బైబిలులోని విత్తువాని ఉపమానాన్నీ ఎదురెదురుగా నిలిపాడు. ఉపమానంలో కొన్ని గింజలు దారిన, కొన్ని రాతినేలన, కొన్ని ముళ్లపొదల్లో, కొన్ని మంచి నేలన పడతాయి. విత్తువాడు ముందుగా నేలను ఏరుకోడు. గ్రహించే బాధ్యతనూ స్వేచ్ఛనూ నేలకే వదిలే ఈ ధోరణిలో ఒక సమభావం ఉందని పీటర్స్ వాదన. మండె కట్టిన గింజను చేలో చల్లే డెల్టా రైతుకు ఈ వాదన వివరించనవసరం లేదు.

రేడియో, విత్తనం ఒకదానినొకటి తిరిగి కలుసుకున్న సందర్భం కూడా ఉంది. 1966లో ఆకాశవాణి కేంద్రాల్లో వ్యవసాయ, గృహవిభాగాలు ఏర్పడ్డాయి. ఆ దశాబ్దంలోనే కావేరి డెల్టాలో తంజావూరు రైతులు తిరుచ్చి కేంద్రం ద్వారా విని సాగుచేసిన ఎ.డి.టి. 27 రకానికి 'రేడియో వరి' అనే పేరు వచ్చింది. విత్తనం చల్లడం నుంచి పేరు తీసుకున్న సాధనం తిరిగి విత్తనానికి పేరు ఇచ్చింది.

నేటి మాధ్యమాల్లో ఈ భేదం మరో రూపంలో కనిపిస్తోంది. ఒక్కొక్కరి అభిరుచిని లెక్కగట్టి వారికే అందించే పద్ధతి గొర్రు విత్తు వంటిది; ఏ గింజ ఏ సాలులో పడాలో ముందే నిర్ణయమై ఉంటుంది. అందరికీ ఒకేసారి వినిపించే రేడియో వెద వంటిది. రెండింటినీ 'ప్రసారం' అన్నప్పుడు భేదం కనిపించదు. గొర్రు, వెద అనే జంటపదాలు దగ్గర పెట్టుకుంటే మాధ్యమ విమర్శకు సొంత ఉపకరణం దొరుకుతుంది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. 'బ్రాడ్‌కాస్ట్' వరుస విత్తుతో పోటీ వల్ల స్థిరపడిన వ్యవసాయ పదం. దానికి సమానమైన 'వెదజల్లు' తెలుగులో నిర్మాణరీత్యా, అర్థవ్యాప్తిరీత్యా సిద్ధంగా ఉంది. పరిభాషగా 'ప్రసారం' స్థిరపడటానికి సమాసశక్తి, ఏకరూపత తోడ్పడ్డాయి. ఆ క్రమంలో చల్లే చేయీ, మొలకెత్తకపోవచ్చునన్న ఎరుకా పదం నుంచి తొలగిపోయాయి.

'ప్రసారం' స్థానంలో మరో మాట తేవాలని ఈ వ్యాసం కోరదు. వాడుక నిలిపిన మాట నిలవాలి. కోరేది రెండు. నిఘంటువుల్లోనూ, పరిభాషా గ్రంథాల్లోనూ 'బ్రాడ్‌కాస్ట్' ఎదుట విత్తనార్థాన్ని ముందు, రేడియో అర్థాన్ని తర్వాత చూపాలి; మొదటిదాని పక్కన 'వెదజల్లు' ఉండాలి. పదచరిత్ర పాఠంలో పొలం నుంచి వచ్చిన విద్యార్థి జ్ఞానానికి సాక్ష్యంగా చోటివ్వాలి. సూర్యరాయాంధ్ర నిఘంటువును సిద్ధం చేసిన ఊరికి పక్కనే, ప్రతి సంవత్సరం కోతల వేళ, పండిన వరిలో మినుము చల్లుతూ రైతు నడుస్తాడు. మాట అర్థం కోసం గ్రంథం తెరిచినంత శ్రద్ధగానే ఆ చేను వైపు కూడా చూడవలసి ఉంది.